నూనెలో నానో కణాలు: కలపడం తేలిక, నిలపడం కష్టం

(కందెనల మీద చేసిన ప్రసంగానికి లిఖిత రూపం. చివర్లో సభికుల ప్రశ్నలు, వాటికి జవాబులు.)

అందరికీ నమస్కారం.

కందెన నూనెలో నానో కణాలు (నానోమీటర్లలో, అంటే మీటరులో వంద కోట్ల వంతుల్లో కొలిచే పొడి రేణువులు) కలిపితే ఘర్షణ ఇంత శాతం తగ్గుతుందని ఎవరైనా ఒక్క అంకె చెబితే వెంటనే నమ్మకండి. దేనితో పోలిస్తే తగ్గింది? ఏ లోహం మీద, ఎంత ఒత్తిడి దగ్గర? కణాలు కలిపిన ఎన్ని రోజులకు కొలిచారు? ఈ మూడూ అడగండి. జవాబు రాకపోతే ఆ అంకెకు విలువ లేదు. ఈ రంగంలో మంచి పని చాలా జరిగింది, ఇంకా జరుగుతోంది. అయితే ప్రయోగశాల బీకరులో బాగున్నది గేర్‌బాక్సులోకి వెళ్లేసరికి ఎందుకు చతికిలబడుతుందో తెలుసుకుంటే తప్ప దీన్ని వాడకంలోకి తేలేం.

ముందు కణాలకు పని ఎక్కడ దొరుకుతుందో చూద్దాం. తిరిగే షాఫ్టుకీ బేరింగుకీ మధ్య నూనె పొర తగినంత మందంగా ఉంటే ఆ రెండు లోహాలూ తాకవు. అక్కడ ఘర్షణంతా నూనె చిక్కదనం వల్ల వచ్చేదే. అలాంటి చోట ఎంత గొప్ప కణాన్ని కలిపినా దానికి పనే ఉండదు. పొర మందాన్ని రెండు ఉపరితలాల ఉమ్మడి గరుకుదనంతో భాగిస్తే వచ్చే అంకెను లాంబ్డా అంటాం. అది 3 దాటితే పూర్తి పొర ఉన్నట్టు. 1 కంటే తగ్గితే లోహపు మొనలే బరువు మోస్తున్నట్టు. మధ్యలోది మిశ్రమ దశ. నానో కణాల వ్యవహారమంతా 3కి దిగువనే. అంటే యంత్రం మొదలయ్యేటప్పుడు, ఆగేటప్పుడు, మెల్లగా తిరుగుతూ భారీ బరువు మోసేటప్పుడు, పిస్టన్ పైకొసనా కిందికొసనా దిశ మార్చుకునే క్షణంలో.

ఇంజన్ నూనెలు ఇప్పుడు 0డబ్ల్యూ-20, 0డబ్ల్యూ-16 లాంటి పలచటి గ్రేడ్ల దాకా వచ్చాయి. ఇంధనం ఆదా అవుతోంది, నిజమే. కానీ ఒకప్పుడు పూర్తి పొర మీద నడిచిన భాగాలు మిశ్రమ దశలోకి జారుతున్నాయి. ఇక అరుగుదలను ఆపే పాత కాపు ఒకటుంది, జింక్ డైఆల్కైల్ డైథయోఫాస్ఫేట్. అందరం జెడ్‌డీడీపీ అంటాం. 1940ల నుంచి వాడుకలో ఉంది. ఉక్కు మీద 50 నుంచి 150 నానోమీటర్ల మందాన గాజులాంటి ఫాస్ఫేట్ పొర వేస్తుంది. చిక్కేమిటంటే అందులోని ఫాస్ఫరస్ పొగతో పాటు వెళ్లి, ఆ పొగను శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. అందుకే ఐఎల్‌శాక్ (వాహన తయారీదారుల నూనె ప్రమాణాల కమిటీ) ప్రమాణాలు పెట్రోల్ ఇంజన్ నూనెల్లో ఫాస్ఫరస్‌ను 0.06 నుంచి 0.08 శాతం మధ్య కట్టడి చేశాయి. నూనె పలచబడుతోంది, కాపు పెంచడానికి వీల్లేదు. నానో కణాల మీద ఇంత ఆసక్తి పుట్టడానికి అసలు కారణం ఈ ఇరకాటమే.

ఘన కందెనలు కొత్తవి కావు. గ్రాఫైట్, మాలిబ్డినం డైసల్ఫైడ్ పొడులు గ్రీజుల్లో ఎన్నో ఏళ్లుగా ఉన్నాయి. వాటి కణాలు మైక్రాన్ల సైజువి, నూనెలో వేస్తే అడుగుకు దిగిపోతాయి. 1992లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో రెషెఫ్ టెన్నే బృందం టంగ్‌స్టన్ డైసల్ఫైడ్‌ను ఉల్లిపాయ పొరల్లా ఒకదాని చుట్టూ ఒకటి మూసుకుపోయిన బోలు కణాలుగా తయారుచేసింది. 1997లో అవి కందెనగా పనికొస్తాయని చూపారు. ఆ తర్వాత రాగి, కాపర్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్, జింక్ ఆక్సైడ్, సిలికా, అల్యూమినా, బోరాన్ నైట్రైడ్, గ్రాఫీన్, నానో వజ్రం, ఇలా దొరికిన ప్రతి పొడినీ నూనెలో వేసి చూసినవాళ్లు ఉన్నారు.

ఈ కణాలు ఏం చేస్తాయి? నాలుగు మాటలు వినిపిస్తుంటాయి. బాల్ బేరింగుల్లా దొర్లుతాయి, గుంటల్ని పూడుస్తాయి, ఉపరితలాన్ని నునుపు చేస్తాయి, లోహం మీద పొరగా అతుక్కుంటాయి. మొదటిది బొమ్మ గీయడానికి చాలా అందంగా ఉంటుంది కాబట్టి అందరూ అదే గీస్తారు. లెక్క వేసి చూడండి. నాలుగు గోళాల పరీక్షలో (మూడు ఉక్కు గోళాల మీద నాలుగోదాన్ని నొక్కి తిప్పుతారు) 392 న్యూటన్ల బరువు పెడితే ఒక్కో స్పర్శ దగ్గర సగటు ఒత్తిడి దాదాపు 2.3 గిగాపాస్కల్స్, నడిబొడ్డున 3.4. ఆ ఒత్తిడిలో చాలా కణాలు గుండ్రంగా మిగలవు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద బోలు డైసల్ఫైడ్ కణాల్ని ఒక్కొక్కటిగా నొక్కి చూసినప్పుడు కూడా తక్కువ ఒత్తిడిలో దొర్లడం, ఒత్తిడి పెరిగితే పొరలు ఊడి రావడం కనిపించాయి. ఊడిన ఆ పొర ఉక్కుకు అంటుకుంటుంది. రేకు మీద రేకు జారుతుంది. డైసల్ఫైడ్‌ల అసలు బలం అదే. దొర్లడం అనేది నిజంగా గట్టి, గుండ్రటి కణాలకు, తక్కువ ఒత్తిడి ఉన్న చోట్లకు పరిమితం అని నా అభిప్రాయం.

గుంటల్ని పూడ్చడం రాగిలాంటి మెత్తటి లోహాలు బాగా చేస్తాయి. నునుపు చేయడం సిలికా, వజ్రం పని. అయితే నునుపు చేయడమంటే నెమ్మదిగా అరగదీయడమే. కొత్త యంత్రం సర్దుకునే తొలి గంటల్లో అది మేలు. ఆ తర్వాత కూడా కణాలు నూనెలో తిరుగుతూనే ఉంటాయి, వాటికి ఆగడం తెలియదు. బేరింగ్ ఉక్కు గట్టితనం విక్కర్స్ కొలమానంలో 700-800 ఉంటే అల్యూమినాది 2000కు అటూఇటూ. అది విడిగా 20 నానోమీటర్ల కణంగా ఉన్నంతసేపు పెద్దగా గీతలు పెట్టదు. ఉండకట్టి ఒక మైక్రాన్ ముద్దయిందంటే మీరు నూనెలో సానపొడి కలిపినట్టే.

పొడిని ఎంచుకునేటప్పుడు ఉష్ణోగ్రత, తేమ ముందు చూడండి. మాలిబ్డినం డైసల్ఫైడ్ గాలిలో 350-400 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆక్సైడ్‌గా మారడం మొదలవుతుంది. తేమ తగిలితే ఘర్షణ పెరుగుతుంది. గ్రాఫైట్ సరిగ్గా దీనికి విరుద్ధం, తేమ ఉంటేనే జారుతుంది, శూన్యంలో పనికిరాదు. హెక్సాగోనల్ బోరాన్ నైట్రైడ్ చాలా ఎక్కువ వేడిని తట్టుకుంటుంది, తెల్లగా ఉంటుంది కనుక మరకలు పడకూడని చోట ఇష్టపడతారు. కానీ మామూలు ఉష్ణోగ్రతలో డైసల్ఫైడ్ అంత చక్కగా పొర కట్టదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కణం ఏ పదార్థమన్నది రెండో ప్రశ్న. అది నూనెలో విడివిడిగా నిలుస్తుందా అన్నది మొదటి ప్రశ్న. స్టోక్స్ సూత్రం ప్రకారం కణం కిందికి దిగే వేగం వ్యాసం వర్గంతో పెరుగుతుంది. ఐఎస్‌ఓ వీజీ 100 అనే చిక్కదనపు గ్రేడు నూనె, 40 డిగ్రీలు, 50 నానోమీటర్ల కాపర్ ఆక్సైడ్ కణం తీసుకోండి. ఆక్సైడ్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 6.3 గ్రాములు, నూనెది 0.87. లెక్క కడితే రోజుకు సుమారు 7 మైక్రాన్లు దిగుతుంది. ఏడాది నిలవ ఉంచినా 3 మిల్లీమీటర్ల లోపే. అదే కణాలు ఒక మైక్రాన్ ముద్దకడితే రోజుకు 3 మిల్లీమీటర్లు. ఐదు మైక్రాన్ల ముద్దయితే రోజుకు 7 సెంటీమీటర్లు, అంటే వారం తిరిగేసరికి డబ్బా అడుగున. ముద్దలో ఖాళీలు ఉంటాయి కనుక నిజమైన వేగం ఇంతకంటే కొంత తక్కువే, కానీ తీరు మారదు. నూనె 100 డిగ్రీలకు వేడెక్కితే చిక్కదనం పడిపోయి ఇదే వేగం దాదాపు 9 రెట్లవుతుంది. కాబట్టి "మా నూనె నెల రోజులు నిలిచింది" అనే మాటకు ఏ ఉష్ణోగ్రతలో అని అడగకుండా ఊరుకోవద్దు.

ముద్ద ఎందుకు కడతాయి? కణాల మధ్య వాండర్‌వాల్స్ ఆకర్షణ ఎప్పుడూ ఉంటుంది. నీటిలోనైతే కణాలకు విద్యుదావేశం ఇచ్చి ఒకదాన్నొకటి నెట్టుకునేలా చేయొచ్చు. ఖనిజ నూనె డైఎలక్ట్రిక్ స్థిరాంకం సుమారు 2.2, నీటిది 80 చిల్లర. ఆ స్థిరాంకం ఇంత తక్కువగా ఉన్న ద్రవంలో కణాల మీద ఆవేశం నిలవడం కష్టం, కాబట్టి నూనెలో దాని మీద ఆధారపడలేం. మిగిలిన దారి ఒక్కటే. ప్రతి కణం చుట్టూ నూనెలో కరిగే పొడవాటి గొలుసులు కట్టి, రెండు కణాలు దగ్గరికి రాకుండా ఆ గొలుసులే అడ్డుపడేలా చేయాలి. ఒలీక్ ఆమ్లం, ఒలీల్ ఎమీన్, సైలేన్‌లు, పాలీఐసోబ్యుటిలీన్ సక్సినిమైడ్ ఇందుకు వాడతారు. ఒలీక్ ఆమ్లం పొర మందం 2 నానోమీటర్లకు మించదు. పది నానోమీటర్ల కణానికి అది సరిపోతుంది. యాభై, వంద నానోమీటర్ల బరువైన కణాల మధ్య ఆకర్షణను ఆపడానికి చాలదు, అక్కడ సక్సినిమైడ్ లాంటి పొడుగు గొలుసు కావాలి. చాలా ప్రయోగాలు ఇక్కడే దెబ్బతింటాయి. ఎంత పెద్ద కణానికైనా ఒలీక్ ఆమ్లమే పోస్తారు, నిలవలేదని కణాన్ని తప్పుపడతారు.

ఒక ఉదాహరణ పూర్తిగా చెబుతాను, రాసుకోండి. 20 నానోమీటర్ల టైటానియం డయాక్సైడ్ 10 గ్రాములు తీసుకున్నాం. గ్రాముకు ఉపరితలం సుమారు 77 చదరపు మీటర్లు. ఒక్కో ఒలీక్ అణువు పావు చదరపు నానోమీటరు ఆక్రమిస్తుందనుకుంటే, ఒక్క వరస పూర్తిగా కప్పడానికి గ్రాముకు 0.14 గ్రాముల ఆమ్లం కావాలి. పది గ్రాములకు 1.4. కొంత కరిగి బయటే మిగులుతుంది కాబట్టి రెట్టింపు, అంటే 3 గ్రాములు వేద్దాం.

పొడిని ముందు వాక్యూమ్ ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు ఆరబెట్టాలి. ఆక్సైడ్ పొడి గాలిలోని తేమను పట్టుకుని ఉంటుంది. ఆ తేమే కణాల మధ్య జిగురులా పనిచేస్తుంది. ఈ మెట్టు దాటేసినవాళ్లకు తర్వాత ఎన్ని గంటలు సోనికేటర్ (అల్ట్రాసౌండ్‌తో ముద్దలు విడగొట్టే పరికరం) నడిపినా ముద్దలు విడవవు. ఆరిన పొడిని 200 మిల్లీలీటర్ల టోలుయీన్‌లో వేసి విడగొట్టి, ఆమ్లం కలిపి, కండెన్సర్ బిగించి 80 డిగ్రీల దగ్గర ఐదారు గంటలు కలియబెట్టాలి. చల్లారాక సెంట్రిఫ్యూజ్ చేసి, ఇథనాల్‌తో కనీసం రెండు మూడు సార్లు కడగాలి. కడగడంలో బద్ధకం పనికిరాదు, ఎందుకో కాసేపట్లో చెబుతాను. కడిగిన ముద్దను పూర్తిగా ఎండబెట్టి పొడి చేయొద్దు. ఒకసారి గట్టిగా ఎండితే కణాలు మళ్లీ అతుక్కుంటాయి. తడిగా ఉండగానే హెప్టేన్‌లోకి మార్చి, దాన్ని బేస్ ఆయిల్‌లో (ఏ రసాయనాలూ కలపని ఒట్టి నూనెలో) పోసి, రోటరీ ఎవాపరేటర్‌లో ద్రావకాన్ని లాగేయాలి. ద్రావకం పూర్తిగా పోయిందో లేదో ఫ్లాష్ పాయింట్ (నూనె ఆవిరి నిప్పు అంటుకునే ఉష్ణోగ్రత) చూస్తే తెలిసిపోతుంది. బేస్ ఆయిల్ కంటే ఫ్లాష్ పాయింట్ పడిపోయిందంటే హెప్టేన్ ఇంకా లోపలే ఉంది. అది చిక్కదనాన్ని కూడా తగ్గిస్తుంది కనుక మీ ఘర్షణ కొలతలు అన్నీ పాడవుతాయి.

పూత నిజంగా అతుక్కుందా అని ఇన్‌ఫ్రారెడ్‌లో చూడాలి. విడిగా ఉన్న ఒలీక్ ఆమ్లానికి 1710 సెంటీమీటర్-1 దగ్గర పదునైన శిఖరం ఉంటుంది. కణానికి బంధం ఏర్పడితే అది మాయమై 1400 నుంచి 1560 మధ్య కార్బాక్సిలేట్ శిఖరాలు వస్తాయి. టీజీఏలో (నమూనాను వేడిచేస్తూ తూచే పరీక్షలో) బరువు తగ్గుదల కూడా చూడండి. మన లెక్క ప్రకారం ఒక వరసకు 12-13 శాతం రావాలి. 30 శాతం వచ్చిందంటే కడగడం సరిపోలేదు, ఆమ్లం అంటకుండానే మిగిలి ఉంది. కాపర్ ఆక్సైడ్‌తో ఇదే పని చేసేటప్పుడు ద్రవం రంగు గమనించండి. ఆకుపచ్చకు తిరిగితే ఆమ్లం ఆక్సైడ్‌ను తినేస్తూ కాపర్ ఒలియేట్ తయారు చేస్తోందని అర్థం. అప్పుడు మీ దగ్గర ఉన్నది పూత వేసిన కణాలు కావు, నూనెలో కరిగిన రాగి సబ్బు.

కడగడం గురించి చెబుతానన్నాను. ఒలీక్ ఆమ్లం స్వయంగా మంచి ఘర్షణ తగ్గించే పదార్థం. లోహం మీద నిలువుగా వరస కట్టి జారుడు ఇస్తుంది. మిగిలిపోయిన ఆమ్లం చేసిన పనిని కణం ఖాతాలో వేస్తే ఫలితం మొత్తం తప్పు. అందుకే పోలిక ఎప్పుడూ నాలుగు నూనెలతో జరగాలి. ఒట్టి బేస్ ఆయిల్, అందులో అంతే ఆమ్లం కలిపినది, పూత లేని కణాలు కలిపినది, పూత వేసిన కణాలు కలిపినది. రెండో నూనె లేని ఫలితాలను నేను పక్కన పెట్టేస్తాను.

ఇంకో పోలిక అంతకంటే ముఖ్యం. ఒట్టి బేస్ ఆయిల్ మీద గెలవడం ఏమంత ఘనకార్యం కాదు, దానిలో కాపు అనేదే లేదు. బజారులోకి వచ్చే నూనెలో జెడ్‌డీడీపీ ఉంటుంది, మురికిని కడిగే డిటర్జెంటు ఉంటుంది, కణాల్ని విడివిడిగా నిలిపే డిస్పర్సెంటు ఉంటుంది, కొన్నిట్లో మాలిబ్డినం డైథయోకార్బమేట్ కూడా. ఈ చివరిది నూనెలో హాయిగా కరిగిపోతుంది, ముద్దకట్టడం అనే గొడవే లేదు. వేడి, రాపిడి తగిలిన చోట విడిపోయి అక్కడికక్కడే మాలిబ్డినం డైసల్ఫైడ్ రేకులు తయారుచేస్తుంది. అంటే నానో కణాన్ని కావలసిన చోట పుట్టించే పద్ధతి ఇప్పటికే ఉంది. మీ కణం దాన్ని మించాలి, లేదా అది పనిచేయని చోట పనిచేయాలి. చల్లగా ఉన్నప్పుడు ఆ పదార్థం అంతగా స్పందించదు కాబట్టి చల్లటి స్టార్టులో కణాలకు అవకాశం ఉంది. పరిశోధన అటు సాగితే ఫలితం ఉంటుంది.

ఇక్కడే నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసే చిక్కు ఉంది. నూనెలో కణం విడిగా నిలవాలంటే దాని చుట్టూ గట్టి పూత కావాలి. లోహం మీద పొర కట్టాలంటే ఆ పూత వదులుకోవాలి. డిస్పర్సెంటు ఎక్కువైతే కణాలు ఎంత చక్కగా నిలుస్తాయంటే, స్పర్శ దగ్గరికి వచ్చి కూడా ఉక్కుకు అంటుకోకుండా నూనెతో పాటే వెళ్లిపోతాయి. పైగా డిస్పర్సెంటు అణువులు లోహం మీద కూడా చేరి చోటు ఆక్రమిస్తాయి. సీసాలో అద్భుతంగా కనిపించిన నూనె యంత్రంలో ఏమీ చేయకపోవడానికి ఇదొక పెద్ద కారణం. తక్కువ డిస్పర్సెంటుతో నిలకడ పోతుంది, ఎక్కువతో పని పోతుంది. మధ్యలో ఉండే సన్నటి పరిధిని ప్రతి నూనెకూ విడిగా వెతకాల్సిందే. బేస్ ఆయిల్ కూడా తేడా తెస్తుంది. పీఏఓ (పాలీఆల్ఫాఓలెఫిన్ అనే కృత్రిమ నూనె) లాంటి ధ్రువత్వం లేని నూనెలో కణం లోహం దగ్గరికి సులువుగా చేరుతుంది. ఎస్టర్ నూనెలోనైతే ఎస్టర్ అణువులే ముందు లోహాన్ని పట్టుకుంటాయి.

కలిపే పద్ధతి గురించి క్లుప్తంగా. నేరుగా చివరి మోతాదులో కలపకండి. 5 శాతం గాఢ మిశ్రమం చేసి 50 రెట్లు పలచన చేస్తే 0.1 శాతం వస్తుంది. లీటరు నూనెకు 0.87 గ్రాముల కణాలన్నమాట. ప్రోబ్ సోనికేటర్ 20 కిలోహెర్ట్జ్‌ది, వంద మిల్లీలీటర్ల చొప్పున, ఐదు సెకన్లు నడిపి ఐదు సెకన్లు ఆపుతూ, మంచు నీటి తొట్టెలో బీకరు పెట్టి నడపండి. నూనె 60 డిగ్రీలు దాటితే ఆపండి, లేకపోతే నూనె ఆక్సీకరణం చెందుతుంది. మొత్తం నడిపిన సమయం అరగంట మించినా ముద్దలు మిగిలితే లోపం పూతలో ఉంది, సోనికేటర్‌లో కాదు. ప్రోబ్ మొన కూడా చూస్తుండండి. టైటానియం మొన అరిగి పొడి నూనెలోకి రాలుతుంది, అది మీరు కలపని గట్టి కణం. నగలు శుభ్రం చేసే రకం అల్ట్రాసోనిక్ తొట్టె ఈ పనికి చాలదు.

నిలకడను కంటితో చూసి తేల్చడం మానేయాలి. నూనె నల్లగా ఉంటే ఏమీ కనిపించదు. 80 డిగ్రీల ఓవెన్‌లో వారం ఉంచి, సీసాను కదపకుండా పై మూడోవంతు నుంచీ కింది మూడోవంతు నుంచీ నమూనాలు తీసి, రెండిట్లో లోహం ఎంతుందో ఐసీపీలో (ప్లాస్మాతో మూలకాల పరిమాణం కొలిచే పరికరంలో) కొలవండి. తేడా పది శాతం దాటితే ఆ నూనెను యంత్రంలో పోయడం దండగ.

ఇక అరుగుదల పరీక్ష. నాలుగు గోళాల పద్ధతి, ఏఎస్‌టీఎం (అమెరికా ప్రమాణాల సంస్థ) డీ4172. 12.7 మిల్లీమీటర్ల ఉక్కు గోళాలు, 75 డిగ్రీలు, నిమిషానికి 1200 చుట్లు, 60 నిమిషాలు, 147 లేదా 392 న్యూటన్లు. కింది మూడు గోళాల మీద పడిన మచ్చల వ్యాసం సగటు తీస్తాం. ఇక్కడ రెండు సంగతులు మరచిపోతుంటారు. 392 న్యూటన్ల దగ్గర అసలు అరుగుదలే లేకపోయినా, ఉక్కు సాగి ఏర్పడే స్పర్శ వ్యాసం 0.30 మిల్లీమీటర్లు. మచ్చ ఎంత గొప్ప నూనెతోనూ అంతకు తగ్గదు. రెండోది, ఒకే మనిషి, ఒకే యంత్రం, ఒకే నూనెతో చేసినా రెండు కొలతల మధ్య 0.12 మిల్లీమీటర్ల దాకా తేడా రావచ్చని ఆ ప్రమాణమే చెబుతుంది. అలాంటప్పుడు 0.52 నుంచి 0.47కు తగ్గిందని ఒకే పరుగుతో సంబరపడితే ఎలా? కనీసం మూడు పరుగులు, ఒక్కోదానికి కొత్త గోళాలు, గోళాలను పట్టే కప్పును కూడా హెప్టేన్‌తో కడిగి. ముందు పరుగులోని కణాలు కప్పులో మిగిలితే తర్వాత వచ్చే ఒట్టి నూనె కూడా బాగున్నట్టు కనిపిస్తుంది. అరిగిన ఘనపరిమాణం వ్యాసం నాలుగో ఘాతంతో మారుతుంది కనుక 0.60 నుంచి 0.50కు తగ్గడమంటే అరుగుదల సగానికి తగ్గడం. కొలతలో పొరపాటు కూడా అదే ఘాతంతో పెరుగుతుందని గుర్తుంచుకోండి.

యంత్రంలోకి వెళ్లాక వచ్చే ఇబ్బందులు వేరు. నానో కణం ఏ ఫిల్టర్‌లోంచైనా జారిపోతుంది, ముద్ద జారదు. హైడ్రాలిక్ ఫిల్టర్లు 3 నుంచి 10 మైక్రాన్లవి. కొద్ది రోజుల్లో ఫిల్టర్ పీడన భేదం పెరిగిందంటే కణాలు ముద్దకట్టి అక్కడ ఆగుతున్నాయి, మీరు కొన్న కాపు ఫిల్టర్‌తో పాటు చెత్తబుట్టలోకి పోతుంది. పెద్ద ఇంజన్లలో సెంట్రిఫ్యూజ్ ఉంటే బరువైన కణాల్ని అదే లాగేస్తుంది.

నూనె పరీక్షలు చేయించేవారికి ఇంకా పెద్ద సమస్య. కాపర్ ఆక్సైడ్ 0.1 శాతం కలిపితే నూనెలో రాగి దాదాపు 800 పీపీఎం (పది లక్షల్లో 800 వంతులు) చూపిస్తుంది. బేరింగ్ అరుగుతోందని హెచ్చరించే రాగి సంకేతం పదుల పీపీఎంలో ఉంటుంది. ఆ 800లో ఇంకో 30 కలిస్తే ఎవరు పట్టుకుంటారు? సిలికా కలిపితే గాలి ఫిల్టర్ చిరిగి దుమ్ము వస్తోందన్న సంగతి అలాగే మరుగున పడుతుంది. బేరింగ్ ఆరోగ్యాన్ని నూనె చూసి చెప్పే చోట్ల ఈ కణాలు వాడితే కళ్లకు గంతలు కట్టుకున్నట్టే. పైగా రాగి నూనె ఆక్సీకరణాన్ని వేగిరపరుస్తుంది. కలిపేముందు ఆక్సీకరణాన్ని తట్టుకునే శక్తిని కొలిచే ఏఎస్‌టీఎం డీ2272 పరీక్షలో నూనె ఆయుష్షు ఎంత పడిందో చూసుకోవాలి. డైసల్ఫైడ్‌లు కలిపితే రాగి రేకు తుప్పు పరీక్ష, డీ130, తప్పనిసరి. మెషీన్‌లో కంచు భాగాలు ఉంటే మరీనూ.

కొన్ని చోట్ల ఘర్షణ తగ్గించడమే ప్రమాదం. మోటార్ సైకిల్ తడి క్లచ్ ఇంజన్ నూనెలోనే మునిగి ఉంటుంది, జారుడు పెరిగితే క్లచ్ పట్టు తప్పుతుంది. కన్వేయర్ వెనక్కి జారకుండా ఆపే స్ప్రాగ్ రకం బ్యాక్‌స్టాప్‌లు ఘర్షణ మీదే నిలబడతాయి. వాటిలో ఘన కందెన కలిసిన నూనె పోస్తే బెల్టు మొత్తం బరువుతో వెనక్కి రావచ్చు. అలాంటి గేర్‌బాక్సుల్లో ఏదీ కలపకండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

ప్రశ్న: మోతాదు పెంచితే ఫలితం పెరగదా?

జవాబు: ఒక దశ వరకే. చాలా కణాలకు మంచి మోతాదు 0.05 నుంచి 0.5 శాతం మధ్య దొరుకుతుంది. 50 నానోమీటర్ల కాపర్ ఆక్సైడ్ 0.1 శాతమంటే లీటరులో రెండు వేల లక్షల కోట్ల కణాలు. సంఖ్య ఎప్పుడూ కొరత కాదు. మోతాదు పెంచితే కణాలు ఒకదాన్నొకటి ఢీకొనే అవకాశం పెరిగి ముద్దలు వేగంగా కడతాయి, స్పర్శ ముఖద్వారం దగ్గర పేరుకుని నూనెను లోపలికి పోనివ్వవు. మోతాదు, మచ్చ వ్యాసం గ్రాఫు గీస్తే కిందికి దిగి మళ్లీ పైకి లేస్తుంది. లేచే వైపు కూడా కొలిస్తేనే ప్రయోగం పూర్తయినట్టు.

ప్రశ్న: డీజిల్ ఇంజన్‌లో పొగ ఫిల్టర్ ఉంటే?

జవాబు: నూనె కొంత కాలుతుంది, నూనెలోని లోహం బూడిదై ఆ ఫిల్టర్‌లో మిగులుతుంది, మసిలా కాలిపోదు. ఏసీఈఏ (యూరప్ వాహన తయారీదారుల సంఘం) సీ3 నూనెలకు సల్ఫేటెడ్ యాష్, అంటే కాల్చాక మిగిలే బూడిద, పరిమితి 0.8 శాతం. లోహ ఆక్సైడ్ 0.1 శాతం కలిపితే ఆ పరిమితిలో ఎనిమిదో వంతు మీరే వాడేశారు. నూనె కంపెనీ ఆ 0.8ను ఇప్పటికే తన డిటర్జెంటుతో నింపి ఉంటుంది. ఇలాంటి ఇంజన్లో బయటి సీసా ఏదీ కలపొద్దని గట్టిగా చెబుతాను. బోరాన్, కార్బన్ ఆధారిత కణాల మీద పనిచేసేవారు ఈ కారణంతోనే అటు మొగ్గారు.

ప్రశ్న: మరి ఇప్పటికిప్పుడు ఎక్కడ వాడొచ్చు?

జవాబు: గ్రీజులో. లిథియం సబ్బు పీచులు కణాన్ని పట్టి ఉంచుతాయి, అడుగుకు దిగే సమస్యే ఉండదు. ఫిల్టర్ ఉండదు. మెల్లగా కదిలే భారీ పిన్నులు, బుషులు, పూర్తి పొర ఎప్పటికీ ఏర్పడని చోట్లు దీనికి సరిగ్గా సరిపోతాయి. అక్కడ మైక్రాన్ సైజు మాలిబ్డినం డైసల్ఫైడ్‌ను 3 శాతం కలపడం పాత అలవాటే. కణాన్ని చిన్నది చేస్తే ఇంతకంటే తక్కువతో అదే పని జరుగుతుందేమో కొలవండి. వేగంగా తిరిగే రోలర్ బేరింగుల్లో మాత్రం వద్దు, రోలర్ తిరగాలంటే కొంత పట్టు కావాలి, అది తగ్గితే దొర్లడం మాని జారుతుంది.

ప్రశ్న: పొడి చేత్తో పట్టుకోవడం సురక్షితమేనా?

జవాబు: నూనెలో కలిసిన తర్వాత భయం తక్కువ. ప్రమాదమంతా పొడిగా ఉన్నప్పుడే. డబ్బా మూత తీయగానే లేచే ధూళి ఊపిరితిత్తుల లోతుకు పోతుంది. తూకం వేయడం ఫ్యూమ్ హుడ్‌లోనే చేయండి, గాలి వేగం మరీ ఎక్కువ పెడితే పొడి ఎగిరిపోతుంది. సన్నటి ధూళిని ఆపే ఎఫ్‌ఎఫ్‌పీ3 లేదా పీ100 రకం మాస్కు, నైట్రైల్ చేతి తొడుగులు వేసుకోండి. గుడ్డ మాస్కు దీనికి పనికిరాదు. వీలైతే పొడి కాకుండా ద్రావకంలో కలిపి ఉన్నదే కొనండి. రాగి, అల్యూమినియం లాంటి లోహపు నానో పొడులను గాలిలో ఒక్కసారిగా తెరవొద్దు, వేడెక్కి అంటుకోగలవు. బల్ల మీద పడితే ఊదొద్దు, చీపురు వాడొద్దు, తడి గుడ్డతో తుడిచి ఆ గుడ్డను మూత బిగించిన డబ్బాలో వేయండి.